నిశ్శబ్దం కింద సంతకం

చెవిటివాడి ముందు శంఖమూదితే, ఎందుకంత గట్టిగా కొరుకుతున్నావు అన్నాట్ట. ఈ సామెత చెప్పుకుని జనం చెవిటివాణ్ని చూసి నవ్వుతారు. పెద్దమ్మకు మాత్రం కోపమంతా ఊదినవాడి మీదే. చెవులు లేవని తెలిసినప్పుడు ఎదురుగా నిలబడి నాలుగు మాటలు చెబితే సరిపోయేదానికి మధ్యలో ఆ శంఖం ఎందుకంటుంది.

పెద్దమ్మ నూలుమిల్లులో ముప్ఫై రెండేళ్లు చేసింది. అక్కడ కదుళ్ల హోరులో పక్క మనిషి గొంతు చించుకున్నా వినపడదు. అందుకని ఆడవాళ్లు అరవడం మానేసి పెదవులతో మాట్లాడుకునేవారు. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు, సూపర్‌వైజరు నెత్తి మీదుగా, ఆయన మీదే జోకులు నడిచేవి. రిటైరయ్యేనాటికి చెవులు మిల్లుకే ఇచ్చేసి వచ్చింది గానీ, వీధి అవతల కదిలే పెదవిని కూడా పేపరు చదివినట్టు చదివేస్తుంది. చిక్కల్లా ఒకటే. తన గొంతు తనకు వినపడదు కనుక ఆమె ఏమన్నా నాలుగిళ్ల అవతలికి చేరుతుంది.

తల్లి పోయిన దగ్గర్నుంచి ఆమె చెల్లెలి కూతురు ఆమె దగ్గరే పెరిగింది. ఆ అమ్మాయి మూడేళ్లుగా ఒక ఉత్సవం ఆఫీసులో టెంపరరీగా చేస్తోంది. నగర జీవితం మీద ప్రయోగాత్మక చిత్రాలు, వీడియో కళ చూపించే ఉత్సవమది. దాని నిర్వాహకుడు ఎండాకాలంలో కూడా మెడకు మఫ్లరు చుట్టుకునే మనిషి. "ఈ ఏడాది గొడవ లేకుండా గట్టెక్కితే నిన్ను పర్మినెంట్ చేసేస్తానమ్మా" అని అమ్మాయికి మాటిచ్చాడు. పెద్దమ్మ ఆయనకు మఫ్లరాయన అని పేరు పెట్టింది. అంతకుముందు రెండేళ్లూ ఆయన ఇదే మాట ఇచ్చాడన్న సంగతి ఆమె మరిచిపోలేదు. అమ్మాయి మరిచిపోవాలని చూస్తోంది.

ఈసారి హాలు వాళ్లు కొత్త మెలిక పెట్టారు. వినపడనివాళ్ల కోసం ప్రతి సినిమాకూ తెర కింద మాటలు వెయ్యాలి. అవి సరిగ్గా ఉన్నాయని వినపడని మనిషే ఒకరు చూసి సంతకం చెయ్యాలి. సంతకం లేని సినిమాకు తెర లేవదు. మఫ్లరాయన తల పట్టుకున్నాడు. ఉత్సవానికి ఏటా వచ్చే రెండు వందల మందిలో వినపడనివాళ్లు ఎవరూ ఆయనకు తెలియరు, వినిపించుకోనివాళ్లు తప్ప.

"మా పేటలో ఒకావిడ ఉన్నారండీ, నిపుణురాలు" అంది అమ్మాయి. ఆఫీసులో పనిచేసేవాళ్ల బంధువులకు పని ఇవ్వకూడదని రూలు. అందుకని ఇంటికొచ్చి పెద్దమ్మకు వంద జాగ్రత్తలు చెప్పింది.

"అక్కడ నేను నీకెవర్నీ కాను. నన్ను పేరు పెట్టి కూడా పిలవకు. ముఖ్యంగా గట్టిగా మాట్లాడకు పెద్దమ్మా."

"నేనెప్పుడు గట్టిగా మాట్లాడానే?" అంది పెద్దమ్మ. పక్కింటివాళ్లు కిటికీలోంచి తొంగి చూశారు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు వెనక గదిలో ఆమెను కూర్చోబెట్టారు. మొదటి సినిమాలో ఖాళీ ఎస్కలేటరు మూడు గంటలు తిరిగింది. కింద 'మోటారు శబ్దం' అని వేశారు. "మా మిల్లులో మిషను ఇలా ఊరికే తిరిగితే మేస్త్రీ జీతం కోసేవాడు" అని సంతకం పెట్టింది. తరువాత తొమ్మిది టీవీల్లో తొమ్మిది ట్రాఫిక్ లైట్లు. ఒక్కటీ పచ్చగా మారలేదు. అదే అందులోని ఆలోచనట. దానికీ పెట్టింది. ఇంకొకటి తలకిందులుగా ఉంది. సరిచెయ్యమంటే అది అలాగే ఉండాలన్నారు. పోనీలే అని తల వాల్చి చూసి దానికీ పెట్టింది. ఇంతవరకు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఆఖరిది ఆ ఏటి పెళ్లికొడుకు లాంటి సినిమా. పేరు 'గవాక్ష మౌనం'. దర్శకుడు తన ఫ్లాటులో కూర్చుని, సందు అవతల, ఒక అంతస్తు కిందుగా ఉన్న ఒకావిడ కిటికీని నలభై ఒక్క ఉదయాలు తీశాడు. ఆవిడ రోజూ కిటికీలో నిలబడి, తల పైకెత్తి పెదవులు కదిపేది. శబ్దం లేదు. 'నగరం వినని స్త్రీ ప్రార్థన, ఆకాశంతో ఆమె ఏకాంత సంభాషణ' అని ఉత్సవం పుస్తకంలో నాలుగు పేజీలు వేశారు. ఆమె ఏమంటోందో తెలుసుకోకపోవడమే ఈ సినిమాలోని నైతికత అని దర్శకుడు ఇంటర్వ్యూ కూడా ఇచ్చాడు. తెర కింద మొదటి నిమిషం నుంచి అరవై రెండో నిమిషం దాకా ఒకటే మాట: 'నిశ్శబ్దం'.

రెండో నిమిషంలో పెద్దమ్మ పకపకా నవ్వింది. బయట టైపు చేస్తున్న అమ్మాయి పరుగున వచ్చింది.

"ఏమైంది?" అంది పెదవులతో.

"ఈవిడ ఆకాశంతో ఏం మాట్లాడటం లేదే. తీసేవాడితోనే మాట్లాడుతోంది. ఒక నోటుబుక్కు తెచ్చిపెట్టు."

మొదటి రోజు ఆవిడ అన్నది ఇది: "బాబూ, మీ ఏసీ గొట్టం ఇటు తిరిగింది. నీళ్లన్నీ మా వరండాలో పడుతున్నాయి. కాస్త అటు తిప్పించుకోండి."

నాలుగో రోజు: "మీకేనండీ చెప్పేది. చేతిలో నల్లటిదేదో పట్టుకున్నారే, మీకే."

తొమ్మిదో రోజు: "మీ గుమ్మం దాకా వచ్చాను. షూటింగు జరుగుతోంది, బెల్లు నొక్కవద్దు అని బోర్డు పెట్టారు. నొక్కలేదు. ఎప్పటికవుతుందండీ ఆ షూటింగు?"

పదహారో రోజు: "ఏమయ్యా, నీకు చెవులున్నాయా, అవి కూడా ఎవరికైనా అద్దెకిచ్చావా?"

ఇరవై రెండో రోజు ఆవిడ వాడిన మాటను పెద్దమ్మ మిల్లులో కూడా రెండుసార్లే చూసింది, ఆ రెండుసార్లూ సమ్మె రోజుల్లోనే. అయినా రాసింది.

నడుమ ఒకచోట ఆవిడ కిటికీ అద్దంలో దర్శకుడి గది నీడ పడింది. కిటికీ బిగించి ఉంది. నెత్తి మీద ఏసీ. ఆ చలికి ఆయన శాలువా కప్పుకుని కెమెరా పట్టుకున్నాడు. ఏసీ చల్లదనం పోతుందని కిటికీ మూసుకుని, ఆ ఏసీ నీళ్ల గురించే ఆవిడ మొత్తుకుంటుంటే, వినపడకపోవడాన్ని కళ అన్నాడు. ఇంతకన్నా నిర్వాకం ఉంటుందా? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

ముప్ఫై మూడో రోజుకు ఆవిడకు కోపం కూడా అలసిపోయింది. "ఎవరితో మాట్లాడుతున్నావని మావారు అడిగారు. గోడతో అన్నాను. గోడైతే నయమే, తిరిగి మన ఫొటో తియ్యదు అన్నారు" అంది.

నలభయ్యో రోజున ఆవిడ చెయ్యి కిటికీ ఊచల్లోంచి బయటికి వచ్చింది. కెమెరా ఆ వేళ్ల మీదకు మెల్లగా దగ్గరకెళ్లింది. ఉత్సవం పుస్తకం అట్ట మీద వేసింది ఆ వేళ్లనే. అవి అనంతాన్ని తడుముతున్నాయట. పెద్దమ్మ వేళ్లను చూడలేదు. వాటి వెనక మసగ్గా కదిలే పెదవులను చూసింది. ఆపమంది. మళ్లీ వెయ్యమంది. మూడోసారి చూశాక రాసింది.

"ఈయన ఆ నీళ్లలో జారి పడ్డారు. లేవడం లేదు. నా ఒక్కదానివల్ల కావడం లేదు. మీరు నాకు కనపడుతూనే ఉన్నారు. ఒక్కసారి రండి."

నలభై ఒకటో రోజు కిటికీ మూసి ఉంది. సినిమా అక్కడ అయిపోయింది.

అమ్మాయి నోటుబుక్కు చదివి తలుపు దగ్గరికి వేసింది. ఇద్దరూ గొంతు లేకుండానే పోట్లాడుకున్నారు.

"నిశ్శబ్దం అని సంతకం పెట్టు పెద్దమ్మా. నాలుగు రోజులు ఓర్చుకుంటే నా ఉద్యోగం ఖాయమవుతుంది."

"ఆవిడ నోరు మూసుకుంటే అది నిశ్శబ్దం. వీడు కిటికీ మూసుకుంటే నిశ్శబ్దం ఎలా అవుతుందే?"

"జరిగిందేదో పోయినేడు జరిగిపోయింది. ఇప్పుడు మనం రాస్తే ఆయన లేస్తాడా?"

పెద్దమ్మ నోటుబుక్కు అందుకుంది. ఆ ప్రశ్న ఆమెకు కూడా ఉంది.

"లేవడు. కానీ ఆవిడ అడగలేదని నేను సంతకం పెట్టలేను. నీ ఉద్యోగం చెడగొట్టాలని నాకుంటుందా? ఇదిగో నోటుబుక్కు. ఇది వేసుకుంటే కింద నా సంతకం ఉంటుంది. నిశ్శబ్దం వేసుకుంటే ఉండదు. నీ ఇష్టం."

పెంచిన మనిషి మీద అంత కోపం అమ్మాయికి ఎప్పుడూ రాలేదు. సంతకం లేకపోతే సినిమా ఆగుతుంది, తన ఉద్యోగం ఇవాళే పోతుంది. ఉన్నదున్నట్టు వేస్తే నాలుగు రోజులాగి పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఏడుస్తూనే టైపు చేయడం మొదలుపెట్టింది. ఎవరూ చదవరులే, ఈ ఉత్సవంలో ఎవరైనా ఏదైనా చదివితే కదా అని తనకు తనే ధైర్యం చెప్పుకుంది. నలభయ్యో రోజు దగ్గర తెర మీద ఆవిడతో పాటు తనూ పెదవులు కదిపి చూసుకుంది. ప్రతి మాటా సరిపోయింది. ఆ తరువాత ఏడుపు ఆపి, అక్షరం వదలకుండా కొట్టింది.

మఫ్లరాయన తలుపు తోసి "సంతకం అయిందా?" అన్నాడు.

"అయిందండీ."

"నిశ్శబ్దానికి సంతకం పెట్టడానికి ఇంతసేపా" అంటూ కాగితం అడుగున మాత్రం చూసి, పెట్టిన మనిషిని చూడకుండానే వెళ్లిపోయాడు.

ఆఖరి రోజు హాలు నిండిపోయింది. పెద్దమ్మ పదో వరసలో, దారి పక్క కుర్చీలో కూర్చుంది. తెర మీద మొదటి మాట పడగానే కొన్ని తలలు కదిలాయి. నాలుగో రోజుకు నవ్వులు. ఇరవై రెండో రోజుకు ముందు వరసలో ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. దర్శకుడు కుర్చీలో కర్రలా బిగుసుకుపోయాడు. మఫ్లరాయన చేయి మఫ్లరు మీదికి పోయింది. ఇక నలభయ్యో రోజు మాటలు పడినప్పుడు హాలులో ఒక్క పెదవి కూడా కదల్లేదు. అరవై రెండు నిమిషాల్లో నిశ్శబ్దమంటూ వచ్చింది అప్పుడే.

దీపాలు వెలిగాయి. చప్పట్లు మొదలయ్యాయి, ఆగలేదు. గడ్డం విమర్శకుడు ఒకాయన లేచి, చిత్రం ప్రార్థన అంటుంటే కింది మాటలు ఏసీ నీళ్లంటున్నాయనీ, ఈ వైరుధ్యం అపూర్వమనీ ఊగిపోయాడు. దర్శకుడు వేదికెక్కాడు. తరువాత చప్పట్లు ఎటు వీస్తున్నాయో చూసుకుని తేరుకున్నాడు.

"అవును. ఆ మాటలు నేను కావాలనే వేశాను. మౌనాన్ని నేనే భగ్నం చెయ్యాలనిపించింది."

వెనక వరస నుంచి ఒక నడివయసు ఆవిడ చెయ్యెత్తింది. "మరి ఆయన లేచారాండీ?"

"ఎవరు?"

"పడిపోయిన ఆయన."

దర్శకుడు చిరునవ్వు నవ్వాడు. "దానికి సమాధానం ప్రతి ప్రేక్షకుడి మనసులోనూ ఉంటుంది." మళ్లీ చప్పట్లు. ఆ చప్పట్లలోనే మఫ్లరాయన మైకును అరచేత్తో కప్పి ఆయన వైపు వంగాడు. ఇద్దరూ మైకు మూశారు గానీ నోళ్లు మూసుకోలేదు.

పెద్దమ్మ లేచి నిలబడింది. తన గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలుసు. ఆ రోజు తెలిసే లేచింది.

"'ఇంతకీ ఆయనకేమైందయ్యా' అని మఫ్లరాయన అడుగుతున్నాడు" అంది. హాలంతా ఆమె వైపు తిరిగింది. "'నాకేం తెలుసు, మర్నాటి నుంచీ ఆ కిటికీ తెరవలేదు, అందుకే అక్కడితో ఆపేశా' అంటున్నాడు బాబు. 'వెళ్లి చూడలేదా' అంటున్నాడు ఈయన. 'చూస్తే సినిమా పాడవుతుంది కదా' అంటున్నాడు."

దర్శకుడు చేత్తో నోరు మూసుకున్నాడు, ఏడాది ఆలస్యంగా. ఈసారి చప్పట్లు పడలేదు.

వేదిక పక్కన నీళ్ల సీసాలు పట్టుకుని నిలబడిన అమ్మాయిని మఫ్లరాయన వేలితో పిలిచాడు. "ఎవరే ఆవిడ? నీకు తెలుసా? తెలియదంటే చెప్పు, బయటికి పంపించేద్దాం. నీ ఆర్డరు మీద ఈ రాత్రికే సంతకం పెడతాను."

పెద్దమ్మ అది కూడా చదివింది. అమ్మాయి ఇటు చూసింది. తెలియదను, తెలియదను అని పెద్దమ్మ గొంతు లేకుండా రెండుసార్లు చెప్పింది. అమ్మాయి ఆ మాటను స్పష్టంగా చూసి, మఫ్లరాయన వైపు తిరిగింది.

"మా పెద్దమ్మండీ. ఆవిడ చదివింది నేనే టైపు చేశాను."

వేదిక మీద ఇప్పుడేమన్నారో చెప్పమన్నట్టు హాలంతా పెద్దమ్మ వైపే చూస్తోంది. ఈ ఒక్క మాట మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. మఫ్లరాయన అమ్మాయితో ఏదో అంటున్నాడు, చాలాసేపు అంటున్నాడు. కళ్లు నీళ్లతో నిండిపోయి, అదేమిటో ఆమె చదవలేకపోయింది.