దొరసానికి అడ్డం పడిన గుడ్డు

పొద్దున్నే డాబా ఎక్కి, కోళ్ళ గూట్లో పాత ఊక ఎత్తి కొత్తది పరచడం కోడలి పని. నీళ్ళ గిన్నెలు కడిగి నింపడం, నూకల్లో ఆల్చిప్పల పొడి కలిపి పెట్టడం అత్తగారి పని. కొడుకు పోయి ఏళ్ళు గడిచినా ఆ అత్తాకోడళ్ళు విడిపోలేదు. ఇద్దరి బతుకుదెరువూ ఆ కోళ్ళే. వాటి గుడ్డు ఒక్కటి కొడితే ఇంటిల్లిపాదికీ సరిపోయేది.

పెట్టల్ని ఎంచడంలో అత్తగారిది అందె వేసిన చెయ్యి. సంతలో పెట్టను చంకలో ఇరికించుకుని, తోక కింద ఎముకల మధ్య మూడు వేళ్ళు పడతాయో లేదో చూసేది. తురాయి ఎర్రగా ఉండాలి, పొట్ట మెత్తగా ఉండాలి. అన్నీ కుదిరాక దాని చెవి దగ్గర నోరు పెట్టి, "రాత్రి నాకు నిద్ర పట్టలేదే" అనేది. తల వంచి వింటే కొనేది, మధ్యలో కొక్కొక్కో అంటే వదిలేసేది.

"వాగుడుకాయలు గోళీలంత గుడ్లు పెడతాయి" అనేది.

మేత ఎంత మంచిదైనా, గుడ్డు పెరిగేది పెట్ట విన్న మాటను బట్టే. ఊసుపోని కబుర్లకు మామూలు గుడ్డు. కడుపులో దాచుకున్న మాటకు మర్నాడు పిడికిట్లో పట్టనంత గుడ్డు. అందుకే సాయంత్రాలు వీధిలోవాళ్ళు మనసులో మాట దించుకోవడానికి ఒక్కొక్కరే డాబా ఎక్కేవాళ్ళు. టీచరమ్మ తనకు పందొమ్మిదో ఎక్కం రాదని చెప్పిపోయింది. మంగలి తన నెత్తిన ఉన్నది విగ్గని చెప్పాడు. వాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ అత్తాకోడళ్ళు కిందే ఉండేవాళ్ళు. మర్యాద మర్యాదే కదా. ఏ పెట్టకూ వారానికి ఒకరిని మించి అప్పగించేవాళ్ళు కాదు. ఎంతైనా ప్రాణం, అలిసిపోతుంది.

అన్నిట్లోకీ పెద్ద గుడ్లు దొరసానివి. గోధుమరంగుది, నడకలో ఠీవి ఎక్కువ. ఒక మధ్యాహ్నం అది ఈకలు ఉబ్బించుకుని, తోక వాల్చి, మూలన నిలబడిపోయింది. కోడలు పొట్ట తడిమి చూస్తే రాయిలా తగిలింది.

"అత్తయ్యా, దొరసానికి గుడ్డు అడ్డం పడింది!"

పశువుల డాక్టరు వచ్చి చూశాడు. "వేణ్ణీళ్ళలో కూర్చోబెట్టండి, కాస్త నూనె రాయండి. కానీ దాంతో అయ్యేది కాదు. ఎవరో సగం చెప్పి సగం మింగేశారు. ఆ మిగతా సగం వాళ్ళొచ్చి చెప్పాలి. ఆలస్యం చేస్తే పెట్ట దక్కదు" అన్నాడు.

కోడలు చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది. గడపగడపా ఎక్కి అడిగింది. "నేను చెప్పింది నల్లపెట్టకు" అంది టీచరమ్మ. మంగలి తన విగ్గు మీద ఒట్టేశాడు. ఎవరూ కాదు.

ఉసూరుమంటూ వచ్చేసరికి అత్తగారు దొరసానిని టబ్బులో పెట్టుకుని కూర్చునుంది. పెట్ట కళ్ళు మూసుకుపోతున్నాయి.

"ఎవరూ కాదట, అత్తయ్యా."

"నేనే." అత్తగారు తలెత్తలేదు. "నువ్వు మెట్లెక్కుతున్న చప్పుడైతే మధ్యలో ఆపేశాను."

"అయితే చెప్పెయ్యండి! నేను కిందికి పోతాను."

"ఉండు. నీకు తెలియకుండా చెబితే అది మళ్ళీ సగమే అవుతుంది." ఆవిడ గొంతు సవరించుకుంది. "గొడుగులు బాగుచేసే ఆయన లేడూ?"

"మన కింద కొట్టాయనా?"

"ఆయన్ని పెళ్ళి చేసుకోవాలనుందే, అమ్మాయ్."

టబ్బులో నీళ్ళు కదిలాయి. కోడలు గోడకు చేరగిలబడింది. ఇన్నాళ్ళూ తామిద్దరూ పోయిన మనిషికి కాపలా కాస్తున్నామని అనుకుంటూ వచ్చింది. 'ఈ వయసులోనా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది గానీ, అత్తగారు పెట్టకు రాసిన చోటే మళ్ళీ నూనె రాయడం చూసి ఆగిపోయింది.

"మరి నేను?"

"నువ్వెక్కడికీ పోవు. ఆయనే పైకొస్తాడు. అదీ నువ్వు సరేనంటేనే. నీకు కష్టంగా ఉంటే ఈ మాట ఇక్కడితో సరి."

"ఆయనకు తెలుసా?"

"చెప్పలేదు. వాన లేకపోయినా గొడుగు పట్టుకుని వస్తున్నానని అనుమానం వచ్చుంటుంది."

కోడలు నిటారుగా కూర్చుంది. "అంటే మనింట్లో గొడుగుల ఊచలన్నీ..."

"వంచింది నేనే."

కోడలికి నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది, ఆ తుడుచుకోవడం కాస్త ఎక్కువసేపే పట్టింది. "గురక పెడతాడేమో కనుక్కున్నారా అత్తయ్యా? మనది ఒకటే గది" అంది.

అప్పుడు జారింది గుడ్డు, చిన్న కొబ్బరికాయంత, ఎక్కడా బీట లేకుండా. దొరసాని రెక్కలు విదిలించి ఇద్దర్నీ తడిపేసి నూకల గిన్నె దగ్గరికి నడిచింది.

కోడలు గుడ్డును రెండు చేతులతో ఎత్తుకుని కిందికి దిగింది. దిగీ దిగగానే గొడుగులాయన్ని భోజనానికి పిలిచింది. ఆయన మొహం కడుక్కుని, చొక్కా మార్చుకుని వచ్చాడు. ఆమ్లెట్టు ముగ్గురి కంచాల్లోనూ అంచులు దాటి వేలాడింది.

"ఇంత పెద్ద గుడ్డా! పాపం, ఎవరి గుండెల్లో బరువో" అన్నాడాయన.

"నాదే" అంది అత్తగారు.

ఆయన చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. కోడలు కంచం పట్టుకుని లేచి, "గూడు మూసొస్తాను" అని డాబా ఎక్కింది. గూడు మూసింది. మూసిన గూడు మళ్ళీ తెరిచి, పెట్టల్ని చూసుకుని, మళ్ళీ మూసింది. ఇక చెయ్యడానికి ఏ పనీ మిగలక కిందికి దిగింది.

గొడుగులాయన చొక్కా చేతులు పైకి మడిచి అంట్లు తోముతున్నాడు. ఏ గిన్నె ఎక్కడ బోర్లించాలో అత్తగారు పక్కన నిలబడి చెబుతోంది.