హీరాలాల్ పాతిన జాడీ

ఆ చుట్టుపక్కల తండాల్లో ఎవరింట పెళ్లి మాట ఖాయం కావాలన్నా ముందు మోతీ నాలుక ఒప్పుకోవాలి. పిల్ల తరఫు వాళ్లు పోసే సారాను ఆమె రుచి చూసి, అది ఏపాటిదో నలుగురిలో చెప్పేది. ఆమె లెక్కలో సారాలు మూడే రకాలు. పొద్దంతా గొడ్డలి పట్టినవాడు ఒళ్లు నొప్పులు మరవడానికి తాగేది కూలి సారా. ఇంటికొచ్చినవాళ్లకు సిగ్గుపడకుండా పోయగలిగేది చుట్టం సారా. అన్నిటికీ పైన దేవత సారా. ఆ పేరు ఆమె నోట వచ్చింది బహు తక్కువ. సొంత తమ్ముడు కాచినదాన్నే కూలి సారా అని ముఖం మీద చెప్పింది. ఏడాదిపాటు ఆ ఇంట్లో ఆమెకు చెంబెడు నీళ్లు ఇచ్చినవాళ్లు లేరు. అయినా మాట మార్చుకోలేదు.

అటువంటి మోతీకి సొంత మనవరాలు ద్వాలి మాట ఖాయమయ్యే రోజున నాలుక బరువైంది.

సంగతేమిటంటే, ద్వాలి పుట్టిన ఏడు మోతీ కొడుకు హీరాలాల్ ఒక పెద్ద జాడీ నిండా ఇప్పసారా పోశాడు. పొయ్యిలో బాగా మాడ్చిన చెక్కముక్క ఒకటి అందులో వేశాడు. మూతికి మైనం, లక్క దట్టంగా పట్టించి కొట్టం మూలన పాతిపెట్టాడు. మంచి సారాలో ఈ మాడు కట్టె ఎందుకురా అని తల్లి దెప్పితే, దూరదేశపు దొరలు గట్లనే చేసి ఏండ్లకేండ్లు దాస్తరట, వెదురు కాంట్రాక్టరు చెప్పిండు అని నవ్వాడు. పిల్ల పెళ్లిమాటనాడు తీద్దామన్నాడు.

తియ్యడానికి అతను లేడు. గోదావరికి ఆ పెద్ద వరద వచ్చిన ఏడు, పర్ణశాల దిగువన కట్టేసిన కాంట్రాక్టరు వెదురు తెప్పలు కొట్టుకుపోకుండా చూడటానికి పోయాడు. వరద తీశాక తెప్పల ముక్కలు దొరికాయిగానీ మనిషి దొరకలేదు. శవం కనపడందే దినం చెయ్యనివ్వనని మోతీ మొండికేసింది. కోడలు గోరి చేతులకు భుజాల దాకా ఉండే తెల్ల గాజులు, మగడున్న ఆడది వేసుకునేవి, అట్లాగే ఉండిపోయాయి.

ఇంట్లో మటుకు అతను లేనట్టు ఉండేది కాదు. చినుకు పడని నెలల్లో కూడా ఒక్కో పొద్దున కొట్టం గడప మీద తడి అడుగులు కనపడేవి. కుక్క లేచి, ఎవరూ లేని చోట తోక ఊపుతూ నిలబడేది. బిందెలో నీళ్లు వాటంతట అవే తొణికాయని గోరి అనేది. మోతీ ఆ అడుగులు ఆరిపోయేదాకా అక్కడే కూర్చునేది. కొడుకు బతికే ఉన్నాడు, ఏదో భయంతో మొహం చూపించలేక చాటుగా వచ్చిపోతున్నాడు, అదీ ఆమె నమ్మకం.

పెళ్లికొడుకు తండ్రి రూప్లా, అతని అన్న రెడ్యా వచ్చి వేపచెట్టు కింద మంచాల మీద కూర్చున్నారు. తండా పెద్ద భద్రు నాయక్ దగ్గరుండి జాడీ తవ్వించాడు. మట్టి తుడిచి చూస్తే మూతి అంచున లక్క ఒకచోట పగిలి ఉంది. మూత తీశారు. సారా జానెడు దిగువకు పోయింది.

రెడ్యా తొంగిచూశాడు. "ఏంది నాయక్, మాకన్న ముందు ఇంకెవరో వియ్యంకులు వచ్చి పోయినట్టున్నరు."

నలుగురూ నవ్వారు. రూప్లా నవ్వలేదు. ఎంగిలి పడ్డ జాడీతో ఖాయం చేసిన మాట నిలవదని వాళ్లందరి పట్టింపు. అతను మోతీ వైపు తిరిగాడు.

"పిల్ల మాకు నచ్చింది మోతక్కా. గని ఎంగిలిదైతే నేను ఈడ కూసోలేను. నీ నోటితోని నువ్వే చెప్పు."

మోతీ చూపు కొట్టం గడప మీదికి పోయింది. జానెడు సారా తాగిందెవరు? కొట్టంలోకి రాత్రిళ్లు వచ్చేదెవరు? పెదవి తగిలింది అని ఒక్క మాట అంటే చాలు, కొడుకు బతికున్నట్టే. కానీ తలుపు చాటున కొత్త లంగా కట్టుకుని ద్వాలి నిలబడి ఉంది. ఆ ఒక్క మాటతో రూప్లా లేచిపోతాడు.

మోదుగాకు దొప్పలో సారా పోసి ఇచ్చారు. రంగు ముదురు తేనెలా ఉంది. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, ఆరేదాకా రుద్ది వాసన చూసింది. మూత ఎవరైనా తీసి ఉంటే గాలి సోకి పులుపు తిరుగుతుంది, పస చచ్చి చప్పబడుతుంది. ఆ పులుపు కోసం ఆమె వెతికింది. దొరికితే బాగుండునని వెతికింది. ఎండిన ఇప్పపువ్వు, కాగిన తాటిబెల్లం, పాత చెక్కపెట్టె తెరిచినప్పటి వాసన, అంతే. దొప్ప ఎత్తి గుక్క నోట్లో పట్టింది. మంట లేదు. నెయ్యిలా జారి, గొంతులో పడ్డాక నెమ్మదిగా వెచ్చబడింది. ఇంతకాలం ఎవరి చెయ్యీ సోకకుండా తనలో తాను పండిన సారా.

అప్పుడు, అన్నిటికీ అడుగున, ఇంకొకటి నాలుకకు తగిలింది. తడి వెదురు. వరద బురద. వరద రాకముందు ఎన్నో ఏళ్ల కిందట మూత బిగించిన జాడీలోకి, వరద నీళ్లు ఎన్నడూ ఎక్కని కొట్టంలోకి, అది వచ్చే దారి లేదు. మోతీ కళ్లు మూసుకుంది. మింగింది.

గోరి ఆమెనే చూస్తోంది. పందిరి గుంజను పట్టుకున్న చెయ్యి వదలలేదు.

"దేవత సారా," అంది మోతీ. "ఏ పెదవీ తగల్లే. తగ్గింది మట్టి పీల్చుకున్నది."

"మట్టి గింత తాగుతదా?" రెడ్యా ఊరుకోలేదు.

"ఇన్నేండ్లు పాతిపెడితే నువ్వు సుత తగ్గుతవ్ రెడ్యా."

ఈసారి రూప్లా కూడా నవ్వాడు. దొప్ప కోసం చెయ్యి చాచాడు. కానీ మొదటి చుక్కలు ఆ ఇంట పోయినవాళ్లవి. భద్రు నాయక్ దొప్ప నింపి మోతీ చేతికే ఇచ్చి, తల దించుకున్నాడు. ఆమె వంగి నేల మీద మామ పేరు చెప్పి ఒక చుక్క వదిలింది, మగని పేరు చెప్పి మరొకటి. అక్కడ ఆగింది. మళ్లీ దొప్ప వంచి మూడో చుక్క వదిలింది.

"హీరాలాల్," అంది, పొద్దున నిద్ర లేపే గొంతుతో.

చుట్టాలు తాగారు, పాడారు, పొద్దు వాలకముందే మాట ఖాయం చేసుకుని వెళ్లిపోయారు. గోరి వచ్చి అత్త ఎదుట కూర్చుని గాజులు తియ్యమని రెండు చేతులూ ఆమె ఒళ్లో పెట్టింది. పిల్ల పెళ్లయ్యేదాకా ఉంచుకొమ్మని మోతీ బతిమాలింది.

"ఒద్దు అత్తా," అంది గోరి. "వరద తీసిన్నాడే నాకు ఎరుకైంది. నువ్వు అనాలె అని చూసిన, గంతే."

మోతీ నూనె గిన్నె తెచ్చుకుంది. పైచేతి గాజులు చర్మానికి అతుక్కుపోయి కదల్లేదు. నూనె రాసి ఒక్కొక్కటీ తిప్పుతూ, నొప్పెడుతోందా అని అడుగుతూ కిందికి జార్చింది. గాజుల కింద ఎండ ఎరగని చర్మం పసిపిల్ల ఒంటిలా తేలింది. ఆ మెత్తని చోట బొటనవేలితో నూనె రాస్తూనే ఉంది మోతీ. మధ్యాహ్నం తిన్న అన్నం, నమిలిన తమలపాకు, ఏదీ ఆమె నోట్లోని తడి వెదురు వాసనను తుడిచెయ్యలేకపోయింది.