పట్టికలో ఏడో పేరు

ఫ్రిజ్ మీద పెట్టిన ఫోను ఆగకుండా మోగుతోంది. ఎస్తి రెండు చేతులకూ కొబ్బరి తురుము. నలభై డబ్బాల అన్నం ఆర్డరు, రెండింటికల్లా వెళ్ళిపోవాలి, ఒక్కో డబ్బాలో కొబ్బరి కలిపిన ఉరాప్ కూర పడాలి. మోగితే మోగనీ అనుకుంది. కానీ ఊరుకుంటే ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు. "చూశారు కదా, జవాబివ్వరేం అక్కా?" అంటూ ఇంకో నాలుగు వచ్చి పడతాయి. చేతులు నైటీకి తుడుచుకుని ఫోను తీసింది.

దనాంగ్. క్లాసు లీడరు. "ఎస్తి అక్కా, థీసిస్ వైవాకి పేర్లు ఇవ్వాలట. ఇవాళ సాయంత్రం ఆరు దాకానే. ముప్పై మందికే చోటు. మీరు లిస్టు వేసెయ్యండి. మీరైతే నీటుగా వేస్తారు."

మీరైతే నీటుగా వేస్తారు. మూడేళ్ళ నుంచి ఈ మాట విని విని ఎస్తికి ఒళ్ళు మండుతుంది. ఎదురుగా ఎవరూ ఉండరు గనక ఆ మంట ఎవరికీ కనబడదు. మలాంగ్ ఊళ్ళో పంతుళ్ళ చదువు చదివే ఆ క్లాసులో నలభై ఒక్కమంది. అందులో పెళ్ళయింది ఎస్తికొక్కదానికే, మిగతావాళ్ళకన్నా రెండేళ్ళు పెద్ద, అందుకని అందరికీ అక్క. అక్క అనగానే ఇక చాకిరీ ఆవిడదే. లీడరు పని "అక్కా, చెయ్యండి" అనడం, అక్క పని చెయ్యడం. మేష్టార్లకి మెసేజి పెట్టాలన్నా ఆవిడే. ముందు సలాం, తరువాత విసిగించినందుకు క్షమాపణ, ఆపైన పేరు, నంబరు, విషయం, చివర్లో ముందుగానే కృతజ్ఞతలు. మగపిల్లలకి ఇంత ఓపిక ఎక్కడిది? వాళ్ళకి క్లాసు రద్దయిందో లేదో తెలిస్తే చాలు. ఆదివారం పూట మెసేజి వచ్చిందని మేష్టారికి కోపం వస్తే ఆ చీవాట్లు మాత్రం ఎస్తికి.

చదువంటే పుస్తకాలనుకుని చేరింది. చదువంటే ఫోనని తరువాత తెలిసింది. ఆమె ఫోనులో ఇరవై మూడు గ్రూపులున్నాయి. క్లాసు గ్రూపు, మేష్టార్లు లేని క్లాసు గ్రూపు, అత్తవారి బంధువుల గ్రూపు, డబ్బాల ఆర్డర్ల గ్రూపు, వీధి ఆడవాళ్ళ గ్రూపు. దేన్లోంచి బయటికి వచ్చినా పొగరంటారు. ఆమె థీసిస్ ఏమిటంటే, నాలుగో తరగతి పిల్లలు తలెత్తకుండా ఒక పేజీ ఎందుకు చదవలేకపోతున్నారని. రాసే మనిషి నెల రోజులుగా తలెత్తకుండా ఒక పేజీ చదివి ఎరగదు.

అయినా రాసింది. బస్సులో రాసింది, అన్నం ఉడికేలోపు రాసింది. ఎందుకంటే ఆగస్టు గడువు ఉంది. పోయిన పండక్కి అత్తగారు చుట్టాలందరి ముందూ తేల్చి చెప్పేసింది. "ఆగస్టు దాకా చూస్తాను అమ్మాయ్. ఆ పైన నా వల్ల కాదు. ఆర్డర్లు చూసుకునేదెవరు, ఫోటోలు పెట్టేదెవరు? నాలుగేళ్ళు ఓపిక పట్టాను, ఏ అత్త పడుతుంది చెప్పు?" ఎస్తి మొగుడు హనుంగ్ పక్కనే కూర్చుని ఫోనులో తన కూతపిట్టల పోటీలు చూసుకుంటున్నాడు. తల మాత్రం ఊపాడు, పిట్టకో తల్లికో తెలియదు. అంటే ఈ వైవా దాటిపోతే మళ్ళీ వైవా లేదు. నాలుగేళ్ళ చదువూ చెత్తబుట్టలోకి.

పట్టిక వేసింది. పైన బిస్మిల్లా, కింద తేదీ, ఒకటి నుంచి ముప్పై దాకా ఖాళీ గీతలు. అక్కడ పద్ధతి ఏమిటంటే, పట్టికని మొత్తం కాపీ చేసుకుని, తన పేరు కలిపి మళ్ళీ గ్రూపులో పెట్టాలి. తరువాతి మనిషి దాన్ని కాపీ చేసి తన పేరు కలుపుతుంది. ఇద్దరు ఒకేసారి పెట్టారంటే ఒకరి పేరు ఎగిరిపోతుంది. అప్పుడిక "నా పేరు ఎవరు తీసేశారు?" అని గోల. ఇంత తలనొప్పి ఎందుకు, వేరే దారే లేదా అంటే ఉంది. చాలా ఉన్నాయి. ఎవరూ వినరు.

పట్టిక వేసిన మనిషే మొదట తన పేరు రాసుకుంటే ఏం బాగుంటుంది, ఆశపోతు అనుకోరూ? అందుకని ఎస్తి ఆగింది. ఆరుగురు రాసుకున్నాక, పన్నెండూ పన్నెండుకి, ఏడో గీత మీద తన పేరు రాసింది. ఎస్తినింగ్‌సిహ్. హమ్మయ్య అనుకుని మళ్ళీ కొబ్బరి పట్టుకుంది.

"అమ్మాయ్, మామయ్య మక్కా నుంచి దిగారట. మన గ్రూపులో ఒక శుభాకాంక్షల బొమ్మ పెట్టు. కిందటిసారి సీతి కోడలు పెట్టింది చూశావా, పూలూ అవీ ఎంత బాగా మెరిశాయో." అత్తగారి మాట అయ్యేలోపే క్లాసు గ్రూపులో నువాలీ అనే పిల్ల ఏడుపు మొదలు. "అక్కా, నా పేరు లేదు." వెనకే ఇంకో పిల్ల ప్రిహాతిన్. "నాది కూడా పోయింది అక్కా, ప్లీజ్, మీరే సరిచెయ్యండి, నాకు భయంగా ఉంది." ఒక చేత్తో డబ్బాల మూతలు వేస్తూ, ఇంకో చేత్తో ఇద్దరి పేర్లూ కలిపి పట్టిక మళ్ళీ పెట్టింది ఎస్తి. ఆ తరువాత పూలు మెరిసే బొమ్మ చేసింది. ఆ తరువాత నలభై డబ్బాలనీ వరసగా పేర్చి ఫోటో తీసి పెట్టింది. అంతలో హనుంగ్ మెసేజి. "గంట నుంచి ఆన్‌లైన్‌లోనే ఉన్నావు. నాకు జవాబివ్వడానికి మాత్రం తీరిక లేదా?"

మర్నాడు పొద్దున కాలేజీ ఆఫీసులో తుతిక్ మేడమ్ కళ్ళజోడు పైకి తోసుకుని కాగితం రెండుసార్లు చూసింది. ఆవిడ ఇరవై ఏళ్ళుగా ఆ బల్ల దగ్గరే ఉంది, ఎవరికీ భయపడదు.

"నీ పేరు లేదమ్మా."

"ఏడో నంబరు చూడండి మేడమ్."

"ఏడో నంబరు నువాలీ. నీ పేరు ఎక్కడా లేదు. ముప్పైయ్యీ నిండాయి. ముప్పై ఒకటో చోటు అడక్కు. వైస్ చాన్సలర్ వచ్చి అడిగినా లేదు."

ఎస్తి ఆఫీసులోంచి వచ్చేసింది. బయట మెట్ల మీద కూర్చుని గ్రూపులో రాసింది. 'నా పేరు పట్టికలో లేదు. నిన్న ఏడో నంబరులో రాశాను. ఎవరైనా చూశారా?'

నలభై మందీ చూశారని ఫోనే చెబుతోంది. కాసేపటికి దనాంగ్ రాశాడు. "అయ్యో అక్కా. కానీ లిస్టు చూసుకునేది మీరే కదా. నిండిపోయిన దాన్లోంచి ఎవర్ని తీస్తాం చెప్పండి?" తరువాత వచ్చాయి బొమ్మలు. ఏడుస్తున్న పిల్లి. పిడికిలి బిగించిన ఎలుగుబంటి. 'ధైర్యంగా ఉండండి అక్కా' అని గులాబీ అక్షరాలు. 'దేవుడు మీకు ఇంకా మంచిది రాసిపెట్టాడు' అని ఒకడు. పదిహేను గుండెలు. నువాలీ రెండు గుండెలు పెట్టింది. ఆ గుండెలన్నీ చూస్తుంటే ఎస్తికి ఫోను మెట్ల మీదేసి కొట్టాలనిపించింది. ఒక్కరు, ఒక్క మనిషి, ఆఫీసుకి వచ్చి మేడమ్‌ని అడుగుదాం అనలేదే. బొమ్మ పంపితే అయిపోయిందా? జాలి పడ్డట్టు లెక్కలో రాసేసుకుని ఎవరి పని వాళ్ళు చూసుకోవడమేనా?

ఎవరు తీశారో తేల్చాలనుకుని నిన్నటి మెసేజిలన్నీ పైకి జరుపుకుంటూ పోయింది. పన్నెండూ పన్నెండుకి తన పేరుంది. ఒంటిగంట దాకా ఉంది, అప్పటికి తన కింద ఇంకెవరి పేరూ నిలవలేదు. ఒకటీ ఐదుకి లేదు. ఒకటీ ఐదుకి ఆ పట్టిక పెట్టింది ఎవరో కాదు, తనే. నువాలీ పేరూ ప్రిహాతిన్ పేరూ ఇరికించే కంగారులో ఆరు పేర్లున్న పాత పట్టికని కాపీ చేసింది. ఏడులో నువాలీని రాసింది, ఎనిమిదిలో ప్రిహాతిన్‌ని రాసింది. తనని రాసుకోలేదు. తన పేరుని తన చేత్తోనే తీసేసింది, కింద 'సరిచేశాను చెల్లెళ్ళూ' అని కూడా రాసింది.

నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. నిన్న ఆ నిమిషంలో ఆమెకి ఇంకో చెయ్యి ఉంటే బాగుండేది. లేకపోతే ఆ ఇంట్లో ఇంకో మనిషి ఒక్క మూత వేసినా బాగుండేది.

హనుంగ్‌కి ఫోను చేసింది. వెనకాల అతను పనిచేసే గ్యారేజీలో బళ్ళ చప్పుడు.

"నీ తప్పే కదా మరి," అన్నాడు అంతా విని. "ఎవర్ని అంటావు? ఈసారికి వదిలెయ్, మళ్ళీసారి చూద్దాం."

"మళ్ళీసారి అంటే ఆగస్టు దాటిపోతుంది. మీ అమ్మగారికి మీరు చెబుతారా?"

"ఇప్పుడు ఆ గొడవంతా ఎందుకు ఎస్తీ," అని పెట్టేశాడు.

ఎస్తి మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఫోను మేడమ్ ముందు పెట్టి ఒక్కో మెసేజీ చూపించింది. తన పేరు ఉన్నదీ, తన చేత్తోనే పోయిందీ, రెండూ దాచకుండా చూపించింది. తుతిక్ మేడమ్ పెదవి విరిచింది.

"దనాంగ్ పంపిన దాని మీద ఇంకా ముద్ర వెయ్యలేదు. పన్నెండులోపు సరైన పట్టిక పంపు, తీసుకుంటాను. కానీ ఎవరు ఎప్పుడు రాశారో టైములతో సహా ఉండాలి. నీకోసం ఎవర్నీ నడుమలోంచి లాగను. చివర వచ్చినవాడు చివర పోతాడు. ఆలోచించుకో."

చివర వచ్చింది ఎవరో ఎస్తి అప్పటికే చూసింది. ఐదూ నలభైకి, ముప్పైయో గీత మీద, దనాంగ్. అక్కని పట్టిక వెయ్యమని, తను హాయిగా మధ్యాహ్నమంతా ఆట ఆడుకుని, చివర్లో గుర్తొచ్చి పేరు రాసుకున్నాడు.

పాపం అనిపించింది. అనిపించకుండా ఎలా ఉంటుంది, పుట్టినప్పటి నుంచి నేర్పింది అదే. చేతులు వెనక్కి లాగాయి. తప్పు తనదే కదా, తనే భరిస్తే పోలేదా? పదకొండున్నర దాకా ఆ మాటతోనే కుస్తీ పట్టింది. తప్పు నాదే, నిజం. అయితే చోటు కూడా నాదే. పన్నెండూ పన్నెండుకి నాది. ఈ రెండో మాట తనకి ఎవరూ చెప్పలేదు, తనకి తనే చెప్పుకోవాల్సి వచ్చింది. పట్టికని టైముల ప్రకారం మొదటినుంచి రాసింది. ఏడులో తన పేరు. ముప్పై ఒకటిలో, గీత కింద, దనాంగ్. మేడమ్‌కీ పంపింది, గ్రూపులోనూ పెట్టింది. కారణం రెండు వాక్యాల్లో రాసింది. ఫోను సంచిలో పడేసి బస్సెక్కింది.

సాయంత్రం ఇంట్లో ఆమె సోయాగింజల టెంపే ముక్కలు వేయిస్తుంటే ఫోను బల్ల మీద అదే పనిగా మోగింది. హనుంగ్ అలవాటుగా ఆమె ఫోను తీసి, అలవాటుగా తెరిచి, చదవడం మొదలెట్టాడు.

"నీ గ్రూపులో పెద్ద రగడే జరిగింది. మీ దనాంగ్ ఏడ్చాడట. పదిమంది కలిసి శాఖాధిపతి ఇంటికే వెళ్ళారట. ఇద్దరు మేష్టార్లు ఫోను చేశారట. శుక్రవారం నమాజు అయ్యాక అరగంట ఇచ్చారు. వాడికి చోటు దొరికింది."

"దొరికిందా?" నూనెలోంచి గరిటె తీసి ఎస్తి అలాగే నిలబడింది. "ముప్పై ఒకటో చోటు?"

"అవును. నువాలీ అనే పిల్ల ఎవరో అందర్నీ వెంటబెట్టుకుని వెళ్ళిందట, ఎంత మంచి పిల్లో."

లోపలి గదిలోంచి అత్తగారు వింటూనే ఉంది. "పోనీలే, మగపిల్లవాడు, రేపు ఉద్యోగం చూసుకోవాల్సినవాడు. వాడి నోటి దగ్గర కూడు లాక్కుంటే మనకి మంచిదా అమ్మాయ్?"

"అదే నేనూ అనేది," అన్నాడు హనుంగ్, ఫోను బల్ల మీద బోర్లా పెడుతూ. "చూశావా, అందరూ కలిసి కదిలితే గంటలో అయిపోయింది. నువ్వు అంత రాద్ధాంతం చెయ్యాల్సిన పనే లేదు."

ఎస్తి పొయ్యి ఆపేసింది. చేతులు కడుక్కుంది. బల్ల దగ్గరికి వచ్చి, ఎదుటి కుర్చీలో కూర్చుని, పెళ్ళయినప్పటి నుంచీ ఎప్పుడూ చూడనంత సూటిగా అతని మొహంలోకి చూసింది.

"నా పేరు పోయినప్పుడు కూడా ఆ అందరూ అక్కడే ఉన్నారు," అంది. "మీతో సహా."