మట్టిపెళ్ల లోపలి రంగు

మా ఆయన నతానియేల్‌కి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు. పెళ్లైన కొత్తలో ఆకుపచ్చ చీర అంటూ మురిసిపోతూ ఇటుక రంగు చీర తెచ్చినప్పుడు నాకీ సంగతి తెలిసింది. ఆయన ఉద్యోగమేమో మట్టి సర్వే. బొగ్గు తవ్వేసి పూడ్చిన గనుల మీద గుంతలు తవ్వించి, ఏ లోతులో ఎలాంటి మట్టి ఉందో పొరలవారీగా రాయాలి. అక్కడ ఏ మొక్కలు నాటాలో దాన్ని బట్టే తేలుస్తారు. ఆ రాతలో మొదటి గడి రంగుది.

ఇరవై రెండేళ్లుగా ఆ గడి నాది. ఆయన శుక్రవారం సికింద్రాబాద్‌లో రైలు దిగి, కాప్రాలోని మా ఇంటికి అరల డబ్బాతో వస్తారు. ఒక్కో అరలో ఒక్కో పొర మట్టిపెళ్ల. శనివారం పొద్దున వరండాలో నేను పెళ్లను తడిపి, రంగుల పుస్తకంలోని నంబర్ల బిళ్లల పక్కన పెట్టి, కలిసిన బిళ్ల నంబరు చెబుతాను. ఆయన రాసుకుంటారు. స్కూల్లో డ్రాయింగ్ చెప్పే నాకు అదేం పెద్ద పని కాదు. కానీ అది మా ఇద్దరికి మాత్రమే తెలిసిన పని. ఆఫీసులో తెలిస్తే ఉద్యోగానికే ముప్పని పిల్లలకు కూడా చెప్పలేదు.

ఈ జూన్‌లో వాళ్ల కంపెనీ కొత్త రూల్ పెట్టింది. రంగు గుంత దగ్గరే చూసి ట్యాబ్‌లో ఎక్కించాలట. ఆయనకు సాయంగా షెకీనా అనే అమ్మాయిని వేశారు.

“మరెలాగండీ?” అన్నాను కంగారుగా.

“షెకీనా చూస్తుందిలే. చెప్పేశాను.”

“ఏం చెప్పేశారు?”

“నా కళ్ల సంగతే. మంచి పిల్ల మణీ, ఎవరికీ చెప్పదు.” చేప ముల్లు తీస్తూ, వానొచ్చేట్టుంది అన్నంత మామూలుగా అన్నారు.

నేను కంచం పక్కకు జరిపాను. ఆ పిల్లకు ఇరవై ఆరేళ్లు. వాళ్లిద్దరి మధ్యా ఏదో ఉందని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అనుకోగలిగితే బాగుండేది, పోట్లాడటానికో కారణం దొరికేది.

ల్యాబ్‌కి వెళ్లాల్సిన డబ్బాలు మాత్రం ఇంకా ఇంటికే వస్తున్నాయి. ఆ శనివారం ఆయన క్షవరానికి వెళ్లగానే డబ్బా తెరిచి, ఆ పిల్ల ఎక్కించిన వివరాల కాగితం పక్కన పెట్టుకుని, పెళ్లలు తడపడం మొదలుపెట్టాను. ప్రభువా, ఒక్క తప్పు చూపించు అని వేడుకున్నాను. అలా ప్రార్థించినందుకు సిగ్గేసింది, అయినా ఆపలేదు.

మూడు గుంతల రంగులూ సరిగ్గా ఉన్నాయి. నాలుగో గుంత మూడో పొరకి గోధుమ రంగని రాసింది. పైకి గోధుమే. రెండు చేతులతో విరిచాను. లోపలంతా బూడిద రంగు, మధ్యమధ్య తుప్పు మరకలు. అంటే అక్కడ నీళ్లు నిలుస్తున్నాయి. పార దిగేటప్పుడు పై మట్టిని కింది పొర మీద పూసేస్తుంది. ఆ పిల్ల పూతను చూసి రాసేసింది.

ఆయన రాగానే “నాలుగో గుంత తప్పు” అన్నాను. నా గొంతులోని సంతోషం ఆయనకు వినిపించే ఉంటుంది.

“అక్కడ టేకు వేయమని రాయబోయాను! వేళ్లు కుళ్లి చచ్చేవి. బతికించావు మణీ.”

నా మొహం వెలిగిపోయిందేమో తెలీదు. వెంటనే ఆయన ఫోన్ తీసి, “షెకీనా, శనివారాలు మా ఇంటికి రామ్మా. ఆంటీ రంగులు సరిచూస్తుంది” అన్నారు.

తర్వాతి శనివారం షెకీనా, క్యాంపు లేనప్పుడు తానుండే సైనిక్‌పురి హాస్టల్ నుంచి స్కూటీ మీద వచ్చింది.

“ఎట్ల కనిపెట్టిన్రు ఆంటీ? నేను రెండుసార్లు చూసిన సుత దొరకలే.”

“అలవాటమ్మా” అన్నాను. విరిచి చూడమని చెప్పలేదు. ఆమె రాకముందే పెళ్లలన్నీ విరిచి పెట్టేదాన్ని. రైలు కుదుపుకి విరిగాయనుకునేది.

నా పని నాకు తిరిగొచ్చింది. కానీ వరండాలో ఇప్పుడు ముగ్గురం. వాళ్లిద్దరూ ఫీల్డు కబుర్లు చెప్పుకుంటారు.

“సర్ గుంతల దిగి ఎక్కలేకపోయిన్రు ఆంటీ. నలుగురం గుంజినం!”

“ఏయ్, ఇద్దరే!” అని ఆయన నవ్వుతారు. ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

మూడో శనివారం నేను డబ్బా తెరవకముందే వచ్చేసింది. “మీరు కూసోన్రి ఆంటీ” అంటూ వంటింట్లోకి వెళ్లి తనే టీ పెట్టుకొచ్చింది.

“సర్‌కి అల్లం వెయ్యలే.”

“అల్లం వేయకపోవడమేంటి?” అన్నాను.

ఆయన కప్పులోకి చూస్తూ, “ఎసిడిటీ కదా, క్యాంపులో మానేశాను. నువ్వు ఇష్టంగా దంచి వేస్తావని ఇంట్లో...” అని ఆపేశారు.

ఆయన ఇంట్లో ఉన్నన్ని రోజులూ రెండు పూటలా దంచి వేస్తున్నాను. ఈ పిల్ల ఇంకో శనివారం వస్తే ఇంకేం తెలుస్తుందో అనిపించింది.

“షెకీనా, ఇటు రా.” డబ్బా తెరిచి ఒక పెళ్ల ఆమె చేతిలో పెట్టాను. “పార తగిలిన వైపు చూడకు. కత్తితో కోసినా పూసుకుపోతుంది. చేత్తో విరువు. విరిచిన వైపు తడిపి, నీ నీడ పడకుండా చూడు.”

విరిచింది. “అరే, లోపల వేరే ఉంది! గింతేనా ఆంటీ?”

“అంతే.”

నంబరు చెప్పింది. పుస్తకం లాక్కుని చూశాను. సరిగ్గానే ఉంది. రెండోది కూడా.

“అయితే ఇగ నేను రానవసరం లేదు. గుంత కాడనే చేసేస్తా.”

“అక్కర్లేదమ్మా.”

“హమ్మయ్య, నీకూ శనివారాలు తీరిక దొరుకుతుంది” అన్నారు ఆయన నాతో.

“అవునండీ” అన్నాను.

డబ్బాలో ఇంకా నాలుగు పెళ్లలున్నాయి. వాటిని షెకీనాయే విరిచింది. ఆమె నీడ మట్టి మీద పడుతుందేమోనని పక్కనే నిలబడి కనిపెట్టి చూశాను. పడలేదు.