జబ్బు లేని ప్రయాణం

నాలుగు రోజులు ఊరు వదిలి వెళ్ళడానికి ముప్పై మందికి సంజాయిషీ చెప్పుకోవాలని ముందే తెలిస్తే ఈశ్వరి అసలు రైలు టికెట్లే తీసేది కాదు.

నరసన్నపేట బజారులో ఆమెకో చిన్న కుట్టు కొట్టు ఉంది. మిషను ఎదురుగా గోడకి ఒక పాత క్యాలెండరు కాగితం. పాండిచ్చేరి బొమ్మ. ఎప్పుడో ఫ్రెంచివాళ్ళు కట్టిన పసుపుపచ్చ గోడలు, గోడల మీంచి వేలాడే కాగితం పూలు, వీధి చివర సముద్రం. ఆ క్యాలెండరు పాతబడి మూడేళ్ళయినా ఆ ఒక్క కాగితం మాత్రం చింపలేదు. నలభై ఆరేళ్ళ బతుకులో ఆమె చేసిన ప్రయాణాలన్నీ పెళ్ళికో, పరామర్శకో, మొక్కుకో. ఊరికే చూసి రావడానికని ఏ ఊరూ వెళ్ళింది లేదు.

ఈ చలికాలం వెళ్ళి తీరాలనుకుంది. మంగళవారం శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఎక్కితే బుధవారానికి దిగొచ్చు. రెండు రాత్రులుండి తిరుగు రైలు పట్టుకోవాలి. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలోనే ఆఖరి పేజీలో రాసుకుంది. మొదటి రోజు పాత వీధులు, లైట్ హౌసు, సాయంత్రం సముద్రం ఒడ్డు. రెండో రోజు కింద ఏమీ రాయలేదు. ఎవరికీ ఏమీ చెయ్యక్కర్లేని రోజు ఒకటి తనకి కావాలి, అంతే.

ఆడమనిషి ఒక్కతే అంత దూరం ఎలా వెళ్తుందని మొగుడు గిరిబాబు తోడు వస్తానన్నాడు. అన్నాడే గాని అతని ప్రాణమంతా కళ్ళంలో వేసిన వరికుప్ప మీదే ఉంది.

"కుప్ప నూర్చకుండా ఊరెల్తారేటే ఎవులైనా?"

"నూర్పు మిషను మనకాడికి రావడానికి ఇంకా పది రోజులని నరసింగరావు సెప్పినాడా నేదా? ఈలోగా ఎల్లి వచ్చీలేమా?"

"సముద్రమే కావాలంటే మనకి నేదేటి? కళింగపట్నం ఎల్దాం. పొద్దున ఎల్లి మజ్జాన్నం అన్నానికి ఇంటికొచ్చీవచ్చు."

"అక్కడ నానేటి సూస్తాను మావా, సముద్రమా? 'వదినా, నా జాకెట్టు అయిపోనాదా' అని అడిగేవోల్లనే సూస్తాను."

గిరిబాబు తువ్వాలు భుజాన వేసుకుని టీ కొట్టుకి పోయాడు. అక్కడ నోరు కట్టుకోలేకపోయాడు. పాండిచ్చేరి వెళ్తున్నామన్నాడు. ఎందుకని అడిగారు. ఏం చెప్పాలో తోచక, "మా ఆడది ఎల్లాలంతంది" అని టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడట. అంతే, కొంప మునిగింది. ఆ చుట్టుపక్కల ఎవరైనా అంత దూరం వెళ్తున్నారంటే, పెళ్ళీ మొక్కూ కాకపోతే, ఇంక మిగిలింది ఆసుపత్రే.

సాయంత్రానికల్లా ఎదురింటి చిన్నతల్లి హార్లిక్స్ సీసా, అరడజను బత్తాయిలు పట్టుకుని వచ్చేసింది. వస్తూనే కళ్ళొత్తుకుంది.

"ఓలమ్మ, ఎన్నాల్లనించే? ఒక్క ముక్క సెప్పలేదు. ఎక్కడే నొప్పి?"

"నాకు నొప్పేటి? బాగానే ఉన్నాను. ఊరు సూడ్డానికి ఎల్తన్నాను."

"అలాగే అను. అదే దైర్నం. మా తోటికోడలూ అలాగే అనీది, పాపం" అని బత్తాయిలు గట్టు మీద పెట్టి మరీ వెళ్ళింది.

మర్నాటికి నాలుగు హార్లిక్స్ సీసాలయ్యాయి. జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వచ్చినవాళ్ళు గుడ్డ ఇవ్వకుండా వెనక్కి పట్టుకుపోయారు, "నువ్వు తేరుకున్నాకే కుట్టుదువులే" అంటూ. ఈశ్వరి వీధిలో నిలబడి, తనకి బీపీ లేదని, సుగరు లేదని, కీళ్ళ నొప్పులు కూడా లేవని, సముద్రం చూడ్డానికి వెళ్తున్నానని అరిచింది. అరిచిన కొద్దీ వాళ్ళ మొహాల్లో జాలి పెరిగిందే గాని తగ్గలేదు. బుద్ధి ఉన్న మనిషి సముద్రం కోసం రాత్రంతా రైల్లో వెళ్తుందా అని వాళ్ళ లెక్క. ఆమెకి ఏడుపొచ్చినంత పనయింది.

ఇదంతా ఒక ఎత్తు, నూర్పు మిషను నరసింగరావు చేసిన ఉపకారం ఒక ఎత్తు. ఆదివారం పొద్దున్నే వచ్చి గిరిబాబు చెయ్యి పట్టుకున్నాడు.

"మనిషి పేనం కన్నా ఎక్కువేటి బావా. మిగతావోల్లని ఆపీసి బుదారం నీ కుప్పే నూర్చీస్తాను. తరవాత నిమ్మళంగా వయిద్యం సేయించుకోండి."

బుధవారం! ఆ రోజుకి వీళ్ళు పాండిచ్చేరిలో దిగుతుంటారు. వద్దంటే మళ్ళీ వంతు ఎప్పటికో. పైగా తుఫాను పడుతుందని టీవీలో ఒకటే గోల. అతను అలా వెళ్ళాడో లేదో, గిరిబాబు పెళ్ళాం వైపు తిరిగాడు.

"టికెట్లు కేన్సిలు సేసీ. సముద్రం ఎక్కడికీ పోదు." గొంతు తగ్గించాడు. "నిజంగా ఏటైనా జబ్బుంటే సెప్పు ఈశ్వరీ. కుప్ప పోతే పోనాది, ఇప్పుడే ఎల్దాం."

ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి! ఈశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. జబ్బుంటే కుప్పని కూడా వదిలేస్తాడు, మనసైతే మాత్రం వదలడు. పెరట్లోకి పోయి, గిన్నెలన్నీ ముందేసుకుని ఠంగుఠంగున తోమడం మొదలుపెట్టింది.

అత్త దేముడమ్మ ఎండలో పీట వేసుకుని కూర్చునుంది. చిన్నతల్లి తెచ్చిన బత్తాయి ఒలుచుకుంటూ మెల్లగా అంది.

"ఎందుకే అలా అరిసి గొంతు పోగొట్టుకుంతన్నావు? జబ్బే అననీ. జబ్బు నేకపోతే మనల్ని ఎవులెల్లనిస్తారే?"

"నాకు లేని జబ్బు నానెందుకు సెప్పాలి అత్తా?"

"నాను సెప్పలేదేటి?"

ఈశ్వరి చేతిలో గిన్నె ఆగింది.

"కంటాపరేసనుకి విశాపట్నం ఎల్లినాను, గేపకముందా? నాలుగు రోజులు. ఆపరేసను ఒక్క పూటలో అయిపోనాది. మిగతా మూడ్రోజులూ నానూ, మా సెల్లీ బీచిలో కూకున్నాం. నల్లద్దాలెట్టుకుని. ఐస్‌క్రీములు తిన్నాం."

"ఆ నాలుగు రోజులూ నాను ఒంటిపూట తిన్నాను మీ కళ్ళ కోసం! శ్రీకూర్మం దాకా నడిసెల్లి మొక్కు తీర్సినాను!"

"అందుకే బాగున్నాయి కళ్ళు" అంది దేముడమ్మ. తప్పు చేసినట్టు కూడా లేదు ఆ మొహంలో. బత్తాయి తొన ఒకటి కోడలి చేతికిచ్చింది. "మళ్ళీ ఎవులూ ఎల్లనీలేదు. కళ్ళు బాగైపోనాయి కదా మరి."

ఈశ్వరికి కోపం రావాలి. రాలేదు. డెబ్బై ఏళ్ళ మనిషి, పన్నెండేళ్ళ కిందటి మూడు రోజుల్ని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. తొన తింటూ ఆవిడ మోకాళ్ళ వైపు, అరిగిన చెప్పుల వైపు చూసింది. తనకి కావలసిన ఆ రెండో రోజు గుర్తొచ్చింది. ఏమీ రాయని ఆ ఖాళీలో ఇంకో మనిషికి చోటుంటుందా అని ఆలోచించింది. ఉంటుంది. ఈవిడకి ఊరికే కూర్చోవడం వచ్చు.

చేతులు కడుక్కుని వీధి గుమ్మంలోకి వచ్చింది. గిరిబాబు నూర్పుకి కూలీల కోసం ఫోన్లు చేస్తున్నాడు.

"మావా, నువ్వు కుప్ప నూర్చుకో. రేపు స్టేషనుకెల్లి నీ టికెట్టు అత్త పేరుకి మార్పించీ. అత్తా, నానూ ఎల్తాం."

"అమ్మా? అమ్మకేటైనాది?"

నాలుగు రోజులుగా ఊరందరి ముందూ అరిచిన నిజం ఈశ్వరి నాలిక చివరిదాకా వచ్చింది. పెరటి వైపు చూసింది. దేముడమ్మ అప్పుడే కళ్ళు చికిలించడం మొదలుపెట్టేసింది.

"కళ్ళు" అంది ఈశ్వరి. "మళ్ళీ మసకలంట. అక్కడ పెద్దాసుపత్రి ఉన్నాదట కదా."

"అయ్యో! ఆ మాట ముందే సెప్పాల కదే!" గిరిబాబు ఫోను జేబులో పడేసి లేచాడు. "ఎల్లండెల్లండి. నాలుగు రోజులెక్కువైనా పర్నేదు. నిమ్మళంగా సూపించుకుని రండి."

మూడేళ్ళుగా ఆమె ఆ మనిషి నోట వినాలనుకున్న మాట అదే.