చివరి నాలుగు అంకెలు

నాలుగో టేబుల్‌కు రెండు ఉగ్గాని, ఒక బజ్జీ. కిటికీ పక్కన మూడు ఇడ్లీ, చక్కెర లేని కాఫీ. గోడవారగా కూర్చున్న కండక్టర్‌కు దోసె. ఆర్డర్లకు సుంకన్న కాగితం పట్టడు. పెదవులు కదుపుతూ వంటింటి గుమ్మం దాకా మోసుకెళ్లి ఒక్క ఊపిరిలో అప్పజెప్పేస్తాడు. ప్లేట్లు టేబుల్ మీద పెట్టగానే అవన్నీ తలలోంచి జారిపోతాయి. ఎవరేం తిన్నారని తర్వాత అడిగితే చెప్పలేడు.

పెనుకొండ బస్టాండు ఎదుటి ఈ హోటల్లో అతనికిది ఇరవై ఆరో ఏడు. సన్నటి మనిషి. కుడి భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. ముంజేతుల నిండా వేడి సాంబారు చిందిన మచ్చలు. పెళ్లి చేసుకోలేదు. హోటల్ వెనక గదిలోనే పడుకుంటాడు.

మధ్యాహ్నం మూడింటికి జనం పలచబడ్డాక పెరట్లోకి వెళ్లి, రోజూ తనకు తెలియని ఇద్దరికి ఫోన్ చేస్తాడు.

పన్నెండేళ్ల కిందట ఒక ముసలాయన హోటల్ మెట్ల మీద కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. సుంకన్న పరుగెత్తి తల పట్టుకున్నాడు. "నా కూతురికి ఫోన్ చెయ్యప్పా" అని ఆయన పది అంకెలు చెప్పాడు. ఫోన్ కౌంటర్ దగ్గరుంది. సుంకన్న అంకెల్ని వల్లె వేయడం మొదలుపెట్టాడు. ముసలాయన అతని చొక్కా పట్టి లాగి ఇంకేదో అన్నాడు. సుంకన్న లేచి నడిచాడు. పదిహేను అడుగులు. దారిలో ఎవరో, "సుంకన్నా, రెండు టీ, ఒకటి స్ట్రాంగ్" అన్నారు. "రెండు టీ, ఒకటి స్ట్రాంగ్" అంది అతని నోరు, అలవాటు కొద్దీ. కౌంటర్ చేరేసరికి మొదటి ఆరు అంకెలే మిగిలాయి. వెనక్కి పరుగెత్తాడు. ముసలాయన కళ్లు తెరిచే ఉన్నాయి. ప్రాణం లేదు.

ఆయన జేబులో బస్సు టికెట్టు తప్ప ఏమీ దొరకలేదు. ఎవరైనా వస్తారేమోనని పోలీసులు మూడు రోజులు చూసి పూడ్చిపెట్టించారు.

"నువ్వేమన్నా చంపినావా? మర్చిపోబ్బా" అన్నాడు హోటల్ యజమాని కుళ్లాయప్ప.

"అదే కదన్నా, మర్చిపోతి."

ఆ ఆరు అంకెల వెనక నాలుగు సున్నాలు పెట్టి మొదలుపెట్టాడు. తర్వాత చివరి సున్నా తీసి ఒకటి. తర్వాత రెండు. కొందరు తిట్టారు, కొందరు పోలీసులకు చెప్తామన్నారు, చాలా నంబర్లు లేనే లేవు. ఎనిమిది వేలు దాటాయి. పడుకున్నా, నీళ్లు పోసుకుంటున్నా, చెవి దగ్గర ముసలాయన గొంతు ఆరు అంకెలు చెప్పి ఆగిపోతుంది. ఏడో దానికోసం సుంకన్న ఊపిరి బిగబడతాడు.

ఈ రోజు రెండో ఫోన్ ఒక ఆడమనిషి ఎత్తింది. వెనక మగ్గం చప్పుడు.

"అమ్మా, కోపగించుకోవద్దు. పన్నెండేండ్ల కింద మీ ఇంటి పెద్దాయన ఎవరన్నా పోయి తిరిగి రాలేదా? ఎడమ చెవి కొస చీలి ఉండె."

మగ్గం ఆగింది.

"యాడుండాడు మా నాయన?"

సుంకన్న చెప్పాడు. "వస్తాండా" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆమె పేరు శైలజ. ధర్మవరం బస్సు దిగి వచ్చేసరికి ఐదయింది. నలభై దాటిన మనిషి, వేళ్ల చివర పట్టునూలుకు అద్దే రంగు. సుంకన్న చూపించిన మెట్టు మీద కూర్చుని, పక్కన బండను అరచేత్తో తడిమింది. అతను అడక్కుండానే కాఫీ తెచ్చి పెట్టాడు.

"నంబరు కాక ఇంకేమన్నా చెప్పినాడా?"

పన్నెండేళ్లుగా ఈ మాట అతను ఎవరికీ చెప్పలేదు.

"చెప్పినాడమ్మా. అంకెలు యాడ పోతాయో అని వాటినే పట్టుకోని ఉంటి. ఆ మాట చెవిన పడింది గానీ లోపలికి పోలేదు."

శైలజ రోడ్డు వైపు తిరిగింది.

"ఇష్టపడి పెండ్లి చేసుకున్నానని నాయన ఎనిమిదేండ్లు మాట్లాడలేదు. ఒక్కతూరి కూడా ఫోన్ చెయ్యలేదు. ఆ తర్వాత ఊర్లో కనపడకపోతే, బెంగుళూరులో యాడో బతుకుతాండాడు అనుకుంటి. ఎప్పుడన్నా చేస్తాడేమో అని నంబరు మాత్రం మార్చలేదు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా నంబరు ఆయనకు ఎవరిచ్చినారో. నోటికి వస్తాదని నాకు తెల్దన్నా."

పూడ్చిన చోట గుర్తేమీ లేదని సుంకన్న చెప్పాడు. ఆదివారం తన భర్తతో వస్తానంది. చేతులు జోడించబోయిన అతన్ని వారించి, ఆరు గంటల బస్సెక్కింది.

బస్సు మలుపు తిరిగాక సుంకన్న మెట్ల దగ్గరే నిలబడ్డాడు. ఆరు అంకెలు వినిపించలేదు. వాటి స్థానంలో ముసలాయన నోరు కనిపించింది: ఎండిన పెదవులు, పొగాకు పళ్లు, చొక్కా లాగిన చేయి. పెదవులు కదిలాయి. మాట రాలేదు. సుంకన్న తల వంచి, కళ్లు మూసుకుని, చెవి దగ్గరగా పెట్టాడు.

"సుంకన్నా, రెండు దోసె, ఒక వడ!"

సుంకన్న పెదవులు కదుపుతూ లోపలికి నడిచాడు.

మెట్టు మీద, ఆమె ముట్టని కాఫీ గ్లాసులో మీగడ కట్టింది.