శనివారం సూది

తెల్లారేసరికి ఆకాశం మూత పెట్టిన గిన్నెలా ఉంది. వాన పడదు, పొద్దు పొడవదు. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలై మూడు వారాలైంది. బస్సులు డిపోల్లోనే నిలబడ్డాయి, లారీలు పెద్ద అంబర్‌పేట్ అవతలే ఆగిపోయాయి. ఎల్బీనగర్ మీద పొగ లేకపోవడంతో మబ్బుల కింది అంచు చాలా దూరం దాకా గీత గీసినట్టు కనబడుతోంది. బక్కయ్య తన ఆటో పక్కన నిలబడి, వేపపుల్ల నములుతూ ఆ అంచునే చూస్తున్నాడు. నల్లగొండ పక్క తన ఊళ్ళో అయితే ఈ మబ్బును చూసి పత్తి సంగతి మాట్లాడుకునేవాళ్ళు. ఈ గల్లీలో మబ్బు సంగతి ఎవరికీ పట్టదు.

లోపల అతని భార్య అండాలమ్మ తాంబాళంలో బతుకమ్మను పేరుస్తోంది. సద్దుల రోజు. బస్తీ ఆడవాళ్ళంతా మధ్యాహ్నం చౌరస్తాలోనే, నడిరోడ్డు మీద ఆడాలని అనుకున్నారు. గునుగు, తంగేడు నిన్న బక్కయ్యే తుర్కయంజాల్ దాకా పోయి కోసుకొచ్చాడు. ఆమె పువ్వు మీద పువ్వు పెడుతుంటే గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మూడు నెలల కింద ఆ గాజులు సబ్బు రాస్తే తప్ప ఊడేవి కావు.

"జరంత చాయ్ తాగు. రొట్టె ముంచుకో," అన్నాడు.

"ఒక్కపొద్దున్న. బతుకమ్మను సాగనంపినంక తింట."

"మరి షుగర్ గోలీ ఏసుకుంటివి గద."

"గోలీ అన్నమా, ఒక్కపొద్దు చెడనీకి?"

"నిన్న గూడ తినకపోతివి."

"ఆకలైతలేదయ్యా. అన్నం దిక్కు చూస్తెనే కడుపుల తిప్పుతుంది. గా సూది గుణమే అంత. మంచిదే గద, ఒళ్ళు తగ్గుతుంది." ఆమె తల ఎత్తకుండానే నవ్వింది. "నా పాలుది గూడ నువ్వే తింటున్నవ్ తియ్. నీకేం తక్కువ."

బక్కయ్య కూడా నవ్వాడు.

ఆ సూది బక్కయ్య పేరు మీద వచ్చింది.

ఎండాకాలం చివర్లో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక దవాఖాన వాళ్ళు చౌరస్తాలో క్యాంపు పెట్టారు. లావున్నవాళ్ళకు ఉచిత పరీక్ష అని రాసిన బ్యానర్ చూసి, బక్కయ్య భార్యను ఆటోలో కూర్చోబెట్టుకుని పోయాడు. ఆమె కోసమే పోయాడు. తొమ్మిదేళ్ళుగా షుగర్, మోకాళ్ళు పోయాయి, మూడు మెట్లు ఎక్కితే నాలుగోదాని మీద కూలబడేది. అక్కడ ఇద్దరినీ తూకం మీద నిలబెట్టారు. బక్కయ్య నూట పద్నాలుగు కిలోలు తూగాడు. "నీకు పేరు పెట్టినోడు కండ్లు మూసుకొని పెట్టిండు" అని ఆటో స్టాండులో వాళ్ళు అతన్ని ఎప్పుడూ ఏడిపించేవాళ్ళే. ఆ రోజు ఆ బొద్దుతనమే ఒక కొత్త మందు పరీక్షకు అర్హత అయింది.

డాక్టర్ జోగారావు గుంటూరు వైపు మనిషి. నెమ్మదిగా, పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. "మీకింకా షుగర్ రాలేదండీ, గుమ్మం దాకా వచ్చింది. ఒంట్లో ఇన్సులిన్ ఊరుతోంది గానీ పని చెయ్యట్లేదు. మన పేగుల్లో ఒక హార్మోన్ పుడుతుంది. ఈ మందు అచ్చం దాని లాంటిది. వారానికో ఇంజెక్షన్. కొంతమందికి అసలు మందు వెళ్తుంది, కొంతమందికి ఉత్త నీళ్ళ లాంటిది. ఎవరికి ఏది వెళ్ళిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. పరీక్ష అంటే అదే."

"మరి మా ఇంటామెకు సార్?"

"ఆవిడ షుగర్ గోళీలు వాడుతున్నారు కదా. పరీక్షలోకి తీసుకోకూడదండీ."

ఆ తర్వాత జ్యోతిక అనే అమ్మాయి, పరీక్షలో చేరినవాళ్ళ మంచిచెడ్డలు చూసేది, బక్కయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని చాలాసేపు కాగితాలు చదివి వినిపించింది. అతను ఊరి బళ్ళో ఏడో తరగతి దాకా చదివినవాడు. ప్రతి పేజీ కింద సంతకం చేశాడు. కానీ వింటున్నంతసేపూ అతని కళ్ళు బయట బల్ల మీద మోకాళ్ళు రుద్దుకుంటున్న అండాలమ్మ మీదే ఉన్నాయి.

ఇంటికి వచ్చేటప్పుడు ఆమె ఆటో వెనక నుంచి అంది. "జబ్బు లేనోనికి మందిచ్చి, జబ్బున్నదాన్ని పొమ్మంటరా? గిదేం లెక్క?"

బక్కయ్య మొదటి శనివారం ఫ్రిజ్‌లోంచి సూదుల డబ్బా తీసి, చేతులు కడుక్కుని, చొక్కా పైకెత్తి మంచం మీద కూర్చున్నాడు. పక్కన ఆమె మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. ఇంట్లో ఒకటే గుడ్డు ఉంటే అది ఒంట్లో బాగలేనివాళ్ళకే పెట్టడం ఇద్దరూ పుట్టినకాడి నుంచి చూసిన పద్ధతి. అతను చొక్కా దించుకుని ఆమె వైపు తిరిగాడు.

"జర ఇటు జరుగు," అన్నాడు. అంతకంటే ఆ సంగతి మీద ఇద్దరి మధ్య మాట లేదు.

అప్పటి నుంచి ప్రతి శనివారం అంతే. జ్యోతిక ఒక చిన్న డైరీ ఇచ్చింది. సూది ఏ పూట వేసుకున్నదీ, ఒంట్లో ఎట్లా ఉన్నదీ అందులో రాయాలి. బక్కయ్య అబద్ధం రాయలేదు. అండాలమ్మకు ఏం జరిగితే అది రాశాడు. వాంతులు రెండుసార్లు. ఆకలి లేదు. నీరసం. కింద సంతకం మాత్రం అతనిది.

"కడుపుల తిప్పుతుంది, తిండి పోతలేదని రాస్తివి. తూకం చూస్తే అట్లనే ఉన్నవ్. ఎట్ల కాకా?" అని జ్యోతిక ఒకసారి అడిగింది.

"నాది మొండి ఒళ్ళు బిడ్డా," అన్నాడు.

ఆమె అతని ముఖం వైపు చూసి, వాడేసిన సూదులు సరిపోయాయో లేదో చూసుకుని, ఫైల్లో రాసుకుంది. పోయిన శనివారం నుంచి వాడాల్సిన కొత్త డబ్బా ఇస్తూ, ఈసారి మోతాదు ఎక్కువుంటుంది, జాగ్రత్త కాకా, అని కూడా చెప్పింది.

ఇంట్లో అండాలమ్మ మారిపోతోంది. మెట్లెక్కింది. పెండ్లయిన కొత్తలో లాగా చీర కుచ్చిళ్ళు పోసుకుంది. ఇన్నేళ్ళకు ఇదిగో, బతుకమ్మ ఆడతానని నెత్తిన పెట్టుకుని నడిచి పోయింది.

మధ్యాహ్నం దాటాక పక్కింటి హనుమాయమ్మ చెంగు నడుముకు చుట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "బక్కన్నా, ఆటో తియ్. అండాలక్క పడిపోయింది. ఆడుకుంట ఆడుకుంటనే ఏందేందో మాట్లాడింది, చెమటలు వట్టినయ్, కూలబడ్డది."

చౌరస్తాలో పాట ఆగిపోయి ఉంది. రోడ్డుకు అడ్డంగా పెట్టిన రాళ్ళను ఇద్దరు ముగ్గురు పక్కకు నెట్టి ఆటోకు దారి ఇచ్చారు. బక్కయ్యకు తెలిసిన డాక్టర్ ఒక్కడే. దిల్‌సుఖ్‌నగర్ దిక్కు తోలాడు.

జోగారావు ఆమె వేలు మీద గుచ్చి చూసి, వెంటనే చేతి నరానికి గ్లూకోజు ఎక్కించాడు. కాసేపటికి అండాలమ్మ కళ్ళు తెరిచి, "నా బతుకమ్మ ఏడుంది?" అని అడిగింది. బక్కయ్య గోడకు ఆనుకున్నాడు.

"షుగర్ బాగా పడిపోయిందండీ," అన్నాడు జోగారావు. "గోళీ వేసుకుని ఉపవాసం ఉన్నారా?"

"ఔ సార్. ఒక్కపొద్దు."

"గోళీ ఒక్కటే అయితే ఇంతగా పడిపోకూడదు. వేరే మందేమన్నా వాడుతున్నారా? పసరు మందు గానీ, ఇంజెక్షన్ గానీ?"

జ్యోతిక కూడా ఫైలు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. బక్కయ్య ఆ అమ్మాయిని చూశాడు, తర్వాత భార్యను చూశాడు. అండాలమ్మ అంతా విన్నది. ఆమె కళ్ళు మూసుకుంది. చెప్తే డబ్బా తీసుకుపోతారు. ఆమె మళ్ళీ మంచానికి అంటుకుపోతుంది. ప్రతి పేజీ మీదా పెట్టిన సంతకాలు కూడా అతనికి గుర్తొచ్చాయి.

"ఏం లేదు సార్," అన్నాడు.

"ఏమీ లేదా?"

"లేదు సార్."

జోగారావు తల ఊపాడు. "ఈ రాత్రికి ఇక్కడే ఉంచితే నాకు నిశ్చింత. ఉండలేమంటే, కడుపు నిండా తినిపించండి. రెండు రోజులు గోళీ వద్దు."

"ఇంటికే పోదామయ్యా," అంది అండాలమ్మ. "పండుగ పూట దవాఖానల ఎందుకు."

ఇంటికి వచ్చాక హనుమాయమ్మ సద్దులు తెచ్చింది. పెరుగన్నం, పులిహోర, మలీద ముద్దలు. అండాలమ్మ రెండు ముద్దలు మింగి, బయటికి పోయి కక్కుకుంది. తిరిగొచ్చి పండుకుంటూ, "పొద్దుగాల తింట తియ్," అంది. చెప్పనందుకు అతన్ని మెచ్చుకుంటున్నట్టు అతని మణికట్టు పట్టుకుని, అట్లాగే నిద్రపోయింది.

తెల్లవారి బక్కయ్య లేచేసరికి దిండు తడిసి ఉంది. వాకిట్లో వెలుతురు వచ్చింది గానీ ఆమె లేవలేదు. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి, పళ్ళు బిగుసుకున్నాయి, నోటి పక్క నురుగు ఎండింది. పిలిచాడు. భుజం పట్టి కుదిపాడు. చక్కెర నీళ్ళు పోస్తే పెదవుల పక్క నుంచి కారిపోయాయి.

ఈసారి అతను ఫ్రిజ్‌లోంచి డబ్బా కూడా తీసుకున్నాడు. సమ్మె పుణ్యాన రోడ్డు మీద ఒక్క బండి లేదు. పాతికేళ్ళుగా తోలుతున్న ఆ తొవ్వలో అతను అంత తొందరగా ఎప్పుడూ పోలేదు.

ఆమెను లోపలికి తీసుకుపోగానే డబ్బాను జోగారావు చేతికిచ్చాడు.

"నా సూదులు నేనేసుకోలే సార్. ఆమెకే ఏసిన. మొదటి సంది."

జోగారావు డబ్బా మూత తెరిచి చూశాడు. అందులో మిగిలిన సూదులు మూడు. "నిన్న అడిగాను కదండీ," అన్నాడు. గొంతు పెంచలేదు. లోపలికి వెళ్ళిపోయాడు.

బక్కయ్య బల్ల మీద కూర్చున్నాడు. ఎండాకాలంలో అండాలమ్మ మోకాళ్ళు రుద్దుకుంటూ కూర్చున్న బల్ల అదే. ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. జ్యోతిక వచ్చి పక్కన నిలబడింది.

"మెదడుకు చక్కెర అందక చానా సేపైంది అంటున్నరు కాకా. నిన్ననే తెలిస్తే ఇంటికి పంపకపోయేటోళ్ళు. సూది పని వారం దాక ఉంటది."

"నాకు తెల్వది బిడ్డా."

"నేను చదివిన కాకా. షుగర్ గోలీతోని కలిస్తే మనిషి పడిపోవచ్చని ఆ కాగితాలల్ల ఉంది." ఆమె బల్ల చివర కూర్చుంది. "నువ్వు అప్పుడు బయటికి చూస్తున్నవ్. నేను ఆగకుండ చదువుకుంట పోయిన."

అండాలమ్మ కళ్ళు తెరిచింది పదకొండో రోజున. ఎవరినీ గుర్తుపట్టినట్టు లేదు. మాట రాలేదు.

సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలైన రెండు వారాలకు, ఒక మధ్యాహ్నం జ్యోతిక ఇంటికి వచ్చింది. పరీక్ష నుంచి బక్కయ్య పేరు కొట్టేస్తున్నట్టు కాగితం, దాని మీద అతని సంతకం కావాలి. డైరీ కూడా తిరిగి తీసుకుపోవాలి. చౌరస్తా పొగ మళ్ళీ గల్లీలోకి వచ్చి ఉంది. ఆకాశం ఏ రంగులో ఉందో చెప్పడానికి లేదు.

అండాలమ్మ గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. మెట్టెలు జారిపోతుంటే బక్కయ్య వాటికి దారం చుట్టాడు. వచ్చిన మనిషిని ఆమె చూసింది, మళ్ళీ తలుపు వైపు చూసింది.

బక్కయ్య సంతకం చేశాడు. డైరీ తెచ్చి ఇచ్చాడు. జ్యోతిక దాన్ని తెరవలేదు.

"నీకు ఏ మందు పంపిన్రో రాసి మూసిన కవరు చించి చూసిన్రు," అంది. "నీకు పంపింది అసలు మందే. నీ తూకం తగ్గలేదని, ఈ మందు నీ మీద పనిచేస్తలేదని మూడు నెలలు నేనే రాసిన."

బక్కయ్య భార్య చేతుల వైపు చూశాడు. గాజులు తీసేసి చాలా రోజులైంది.

"పనిచేసింది బిడ్డా," అన్నాడు.

జ్యోతిక తల వంచుకుంది. "ఇంకొకటి చెప్పాలె కాకా. నాకు అనుమానమొచ్చింది. వాంతులని రాసుకుంట, తూకం తగ్గని మనిషి ఉంటడా? ఒక్కమాట గట్టిగ అడుగుదామనుకున్న. అడిగితే నిన్ను తీసేస్తరు. నా దగ్గర చేరినోళ్ళల్ల ఒక్క శనివారం గూడ తప్పకుండ రాసింది నువ్వొక్కనివే. అందుకని అడగలే."

ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో బక్కయ్యకు తెలియలేదు. లేచి పొయ్యి దగ్గరికి పోయాడు. పొద్దున అతనే వండిన అన్నం, పప్పుచారు ఉన్నాయి. మూడు పళ్ళేలు కడిగాడు.

"నేను పోత కాకా. సర్ ఎదురుచూస్తుంటడు."

"కూసో. తినే యాళ్ళకు వచ్చినవ్," అన్నాడు.

ఆ అమ్మాయి కూర్చుంది. బక్కయ్య ముగ్గురికీ వడ్డించాడు. అండాలమ్మ పళ్ళెంలో అన్నం మెత్తగా పిసికి, ముద్ద చేసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చెయ్యి సగం దాకా లేచి, ఎందుకు లేచిందో మరిచిపోయినట్టు అక్కడే ఆగింది. అతను మణికట్టు పట్టుకుని నోటి దాకా తీసుకుపోయాడు. ఆమె నమిలి మింగే దాకా చూసి, అప్పుడు తన పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. రెండో ముద్ద చేశాడు. జ్యోతిక కింది చూపుతో తింటూ, చారు గిన్నెను నెమ్మదిగా అతని వైపు జరిపింది. బయట బస్సు ఆగి, మళ్ళీ కదిలింది. ముగ్గురూ పళ్ళేలు ఖాళీ అయ్యే దాకా అట్లాగే తిన్నారు.